చేసినవాడెవరు? – ఒక స్విస్ క్రోనోగ్రాఫ్ మీద సంవాదం

నొక్కితే కదిలి, రెండోసారి నొక్కితే ఆగి, మూడోసారి నొక్కితే సున్నా దగ్గరికి ఎగిరొచ్చి నిలబడే పొడుగు ముల్లు ఒకటి డయలు మధ్యలో ఉన్న గడియారం క్రోనోగ్రాఫ్. గంటలు, నిమిషాలు చూపే పనిని మిగతా ముళ్ళు ఆపకుండా చేసుకుపోతుంటాయి. క్రోనోమీటర్ వేరు. అది కచ్చితత్వ పరీక్షలో నెగ్గిన గడియారం. స్టాప్‌వాచ్‌కి గంటలు చెప్పే పనే లేదు.

1821లో పారిస్ గుర్రప్పందేల్లో నికొలా రియుసెక్ వాడిన పరికరం డయలు మీద సిరా చుక్క పెట్టేది. కాలాన్ని రాసేది కాబట్టి క్రోనోగ్రాఫ్ అన్న పేరు వచ్చింది. ముల్లును సున్నాకు చేర్చే హృదయాకారపు బిళ్ళకు లండన్‌లో స్థిరపడ్డ స్విస్ పనివాడు అడాల్ఫ్ నికోల్ 1844లో పేటెంటు తీసుకున్నాడు. కదలడం, ఆగడం, సున్నాకు రావడం మూడూ ఒకే జేబు గడియారంలో కుదిరి 1862 లండన్ ప్రదర్శనకు వచ్చాయి. ఆ తర్వాత ఈ పని ఎక్కువగా స్విట్జర్లాండ్‌లోని జ్యూరా కొండల ఊళ్ళలో సాగింది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పాత ఇళ్ళకు ఇలాంటి గడియారాలు మద్రాసు దారిన రావడం సహజం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఆ తర్వాత కూడా మద్రాసు రాజధానిలో భాగమే. మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్, బొంబాయిలో 1865 నుంచి ఫావ్రె-లూబా, 1886లో మొదలైన వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ ఆ కాలపు పెద్ద దుకాణాలు. కొనేవాళ్ళలో డాక్టర్లూ ఉండేవారు. కొన్ని క్రోనోగ్రాఫ్‌ల డయలు అంచున నాడి కొలిచే అంకెలుంటాయి. మొదటి దెబ్బకు నొక్కి ముప్పయ్యో దెబ్బకు ఆపితే, నిమిషానికి ఎన్ని కొట్టుకుంటోందో ముల్లే చూపిస్తుంది. ముప్పై దెబ్బలకు 20 సెకన్లు పడితే ముల్లు 90 దగ్గర ఆగుతుంది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి మొదలైన రోజుల్లో వైద్యుడి జేబులో ఇంతకన్నా పనికొచ్చే వస్తువులు తక్కువే.

ఇన్నేళ్ళ తర్వాత అలాంటి గడియారం చేతికి వస్తే అడిగే మొదటి ప్రశ్న, దీన్ని చేసింది ఎవరని. దానికి జవాబు వెతికే తీరు మీదే ఇద్దరికి వాదం. ఒకరు చరిత్ర చెప్పి రిటైరైన అధ్యాపకుడు. ఆయన రాతను నమ్ముతాడు. రెండోవారు తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో యాభై ఏళ్ళుగా బల్ల వేసుకున్న వాచీ మేస్త్రి. ఈయన మిషనును నమ్ముతాడు. బల్ల మీదున్నది వెండి కేసు, తెల్ల ఎనామెల్ డయలు, డయలు మీద ఏ పేరూ లేని క్రోనోగ్రాఫ్.

అధ్యాపకుడు: డయలు మీద పేరు లేకపోతేనేం పెద్దాయనా, లోమూత మీద చెక్కి ఉంది కదా. ‘స్పిరాల్ బ్రెగే’ అని స్పష్టంగా ఉంది. బ్రెగే అంటే నెపోలియన్‌కే గడియారాలమ్మిన పారిస్ పనివాడు. ఇంకేం కావాలి?

మేస్త్రి: అది మనిషి చేసిన సంతకం కాదు సామీ, హెయిర్‌స్ప్రింగు రకం. మామూలు హెయిర్‌స్ప్రింగు చదునుగా చుట్టుకొని ఉంటాది. బ్రెగే రకంలో చివరి చుట్టు పైకి లేచి లోపలికి వంగుతాది. ఆయన 1795లో కనిపెట్టినాడు, ఆ తర్వాత మంచి వాచీ చేసే ప్రతివాడూ వాడినాడు. దాని పక్కన చూడండి, ‘ఆంక్ర్’ అంటే లంగరు ఆకారం లివర్. ‘రెమాంత్వార్’ అంటే తాళంచెవి లేకుండా తల తిప్పి కీ ఇచ్చేది. ‘రుబి’ అంటే రాళ్ళు. బియ్యం బస్తా మీద సోనా మసూరి అని ఉంటే పండించిన రైతు పేరు సోనా మసూరి అనుకుంటామా?

పాత స్విస్ గడియారాల విషయంలో అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. లోమూత మీది ఫ్రెంచి మాటలు చాలావరకు సరుకు గుణాలు చెప్పేవి. ‘రెమాంత్వార్’ కంపెనీ గడియారమని అమ్మినవాళ్ళూ, కొన్నవాళ్ళూ తరతరాలుగా ఉన్నారు. ప్రదర్శనల్లో గెలిచిన పతకాల బొమ్మలు చెక్కి ఉన్నా అంతే. ఆ పతకం వచ్చింది మిషను చేసిన ఫ్యాక్టరీకా, కూర్చిన సంస్థకా అన్నది బొమ్మ చెప్పదు.

అధ్యాపకుడు: సరే, మాటలు పక్కన పెడదాం. ముద్రలు ప్రభుత్వం వేయించినవి కదా. అవైనా నమ్మాలి.

మేస్త్రి: నమ్మాల. అయితే ఏ సంగతికి నమ్మాలనేది తెలియాల.

వెనక మూత తెరిచి లోపలి వైపు నోటితో ఆవిరి ఊదితే, వెండి మసకబారిన ఆ ఒక్క క్షణంలో అరిగిన ముద్ర గీతలు విడిగా కనిపిస్తాయి. ఐ గ్లాసు పెట్టి చూస్తే అక్కడ నిలబడ్డ ఎలుగుబంటి ఉంది, గోరుకొనలో పావువంతు. విలువైన లోహాల తనిఖీకి స్విట్జర్లాండ్ 1880లో చేసిన చట్టం 1882 నుంచి అమలైంది. దాని ప్రకారం వెయ్యికి 875 పాళ్ళ వెండికి ఎలుగుబంటి, 800 పాళ్ళకు అడవికోడి, 18 క్యారట్ల బంగారానికి హెల్వేషియా దేవత తల, 14 క్యారట్లకు ఉడుత. జంతువు బొమ్మలోనే ఇమిడిన చిన్న గుర్తు ఏ ఊరి తనిఖీ కార్యాలయమో చెబుతుంది. అంటే ఈ కేసు 1882కు ముందుది కాదు, వెండి 875. ఎలుగుబంటి చెప్పేది అంతవరకే.

అధ్యాపకుడు: మూత అంచున శిలువ గుర్తు, దాని పక్కన ఒక నంబరు కూడా ఉన్నాయి.

మేస్త్రి: అది స్విస్ పేటెంటు నంబరు సార్. ఆ నంబరు పట్టుకొని పేటెంటు కాగితం తెప్పిస్తే బొమ్మలతో సహా వస్తాది, తీసుకున్నవాడి పేరూ వస్తాది. కానీ నంబరు యాడుండాదో చూడండి. మిషను మీద లేదు, మూత అంచున ఉండాది. అంటే మూత కీలుకో, అంచుకో సంబంధించిన పేటెంటు. కేసు పనివాడు దొరుకుతాడు, మిషను పనివాడు దొరకడు.

స్విట్జర్లాండ్‌లో జాతీయ స్థాయిలో పేటెంటు చట్టం 1888లోగానీ రాలేదు. కాబట్టి శిలువతో నంబరున్న భాగం ఆ ఏడాదికి ముందుది కాలేదు. ఎలుగుబంటి 1882 అంటే శిలువ దాన్ని 1888కి జరిపింది. రాత మీద అధ్యాపకుడికున్న నమ్మకం ఇక్కడ వమ్ము కాలేదు. తేదీకి ఒక హద్దు దొరికింది. అయితే ఆ హద్దు కేసుది. మిషనుకు అది వర్తించాలంటే రెండూ పుట్టుక నుంచి కలిసే ఉన్నాయని తేలాలి. పేదరికంలో వెండి కేసు కరిగించుకొని మిషనును నికెల్ కేసులో పెట్టించడం, విరిగిన మిషను తీసేసి మంచి కేసులో వేరేది అమర్చడం రెండూ జరిగేవే.

మేస్త్రి దానికి చూపిన సాక్ష్యం చిన్నది, చక్కనిది. మిషనును కేసుకు పట్టి ఉంచే రెండు మరల తలలు కేసు లోపలి అంచు మీద బిగుసుకున్న చోట అర్ధచంద్రాకారపు నొక్కులు పడతాయి. మిషను మారిన కేసులో అలాంటి నొక్కులు రెండు జతలుంటాయి. ఇందులో ఉన్నది ఒకటే జత, మరల తలలు సరిగ్గా వాటి మీదే కూర్చున్నాయి. మూతలో సూదితో గీసిన మూడు పాత రిపేరు గుర్తులు కూడా ఉన్నాయి. వెనకటి పనివాళ్ళు తాము విప్పిన వాచీని మళ్ళీ గుర్తుపట్టడానికి గీసుకున్నవి. వాటిని తయారీదారు సంకేతాలనుకునేవాళ్ళూ లేకపోలేదు.

అధ్యాపకుడు: కేసు, మిషను ఒకటేనని మీరే తేల్చారు. ఇక మిషను మీద పేరు వెతకండి.

మేస్త్రి: పేరు లేదు సామీ. బ్యాలెన్సు మీది పట్టీ పైన ఒక పక్క ‘ఎ’, ఇంకో పక్క ‘ఆర్’ ఉండాయి. ఫ్రెంచిలో ముందుకు, వెనక్కు అని. ఇంగ్లీషువాళ్ళ కోసం చేస్తే ‘ఎఫ్’, ‘ఎస్’ వేసేవాళ్ళు, ఫాస్టు, స్లో అని. ఇది ఇంగ్లీషు గిరాకీని మనసులో పెట్టుకొని చేసిన మిషను కాదేమో అనుకోవచ్చు, అంతే. ఇక అడగాల్సింది లివర్లను.

క్రోనోగ్రాఫ్ మిషనులో చూడదగ్గ భాగాలు ముఖ్యంగా మూడు. మొదటిది కాలమ్ వీల్. కింద రంపపు పళ్ళ చక్రం, పైన కోట బురుజుల్లా నిలువు స్తంభాలు. తల నొక్కిన ప్రతిసారీ అది ఒక పన్ను జరుగుతుంది. లివర్ల కొనలు స్తంభం మీదికి ఎక్కుతాయి, లేదా రెండు స్తంభాల సందులోకి జారతాయి. కదలాలా, ఆగాలా, సున్నాకు రావాలా అన్నది ఆ ఎక్కడం జారడమే నిర్ణయిస్తుంది. రెండోది జతచేసే చక్రం. వెంట్రుకంత సన్నని పళ్ళున్న ఈ చక్రం పక్కకు ఒరిగి, నడుస్తున్న సెకన్ల చక్రంతో మధ్య ముల్లు చక్రాన్ని కలుపుతుంది. మూడోది నికోల్ కనిపెట్టిన హృదయాకారపు బిళ్ళ. సుత్తిలాంటి లివర్ దాని అంచు మీద పడుతుంది. బిళ్ళ ఏ కోణంలో ఉన్నా సుత్తి కొన వాలు వెంట జారి గుండె నొక్కులోకి వచ్చి ఆగుతుంది. ముల్లు 7 సెకన్ల దగ్గర ఉన్నా 53 దగ్గర ఉన్నా ఒక్క దెబ్బకు సున్నాకు రావడం ఈ వాలు వల్లే. మేస్త్రి సున్నితంగా తల నొక్కి అధ్యాపకుడికి చూపించింది ఆ జారుడే. కంటికి అందీ అందనంత వేగం. బ్యాలెన్సు గంటకు 18,000 ఊపులు ఊగుతుంది, సెకనుకు ఐదు. డయలు అంచున ప్రతి సెకనునూ ఐదు గీతలుగా విడగొట్టింది అందుకే.

అధ్యాపకుడు: అద్భుతంగా ఉంది, కాదనను. అయితే దీన్ని చూసి చేసినవాడి పేరెట్లా చెబుతారు? శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. గుడ్డ నేసేది ఒకరు, కరక్కాయ, పాలల్లో నానబెట్టేది ఇంకొకరు, ఉతికేది మరొకరు. ఇది ఎవరి పని అంటే మాత్రం బొమ్మ గీసినవాడి పేరే చెబుతాం. ఆ పేరు తెలియకపోతే తెలియదనే అంటాం.

మేస్త్రి: తెలిసినోళ్ళు సంతకం లేకున్నా చెప్పలేదా సార్? కన్ను తీర్చిన తీరు, కలం తిప్పిన వాటం చూసి ఇది ఫలానా ఇంటి చెయ్యి అంటారు. లివర్లు కూడా గీతలే. ఒకడు లివర్ నడుమును కొడవలిలా వంచుతాడు, ఇంకొకడు నిటారుగా కోస్తాడు. కాలమ్ వీల్ ఒకడు తల పక్కన పెడతాడు, ఒకడు బ్యాలెన్సు పక్కన పెడతాడు. స్తంభాలు ఆరో, ఏడో, ఎనిమిదో. కేటలాగు బొమ్మలతో పోల్చితే ఎవరి చెయ్యో తెలుస్తాది.

అధ్యాపకుడు: మీ మాట మీకే అడ్డం వస్తుంది. 1888 దాకా స్విట్జర్లాండ్‌లో పేటెంటే లేదని ఇందాకే అనుకున్నాం. అంటే అప్పటిదాకా ఒకరి లివర్‌ను మరొకరు కాపీ కొట్టడం నేరం కాదు. కాపీ కొట్టడానికి స్వేచ్ఛ ఉన్న దేశంలో ఆకారం సాక్ష్యమెట్లా అవుతుంది?

ఈ అభ్యంతరం గట్టిది. గుర్తింపు పనిలో చాలామంది దీన్ని తేలిగ్గా దాటేస్తారు. మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ముళ్ళు పీకి, పక్క మరలు వదులు చేసి, డయలు ఎత్తి పక్కన పెట్టాడు.

మేస్త్రి: కనపడేది కాపీ కొడతారు సామీ. కనపడనిది ఎందుకు కొడతారు? డయలు కాళ్ళు దిగే బొక్కలు యాడుండాయి, ముళ్ళు తిప్పే లివర్ మీది స్ప్రింగు పట్టీ ఏ ఆకారంలో ఉండాది, మరల బొక్కలు ఎంత దూరంలో ఉండాయి, ఇవి ఆ ఫ్యాక్టరీ అచ్చుల్ని బట్టి వస్తాయి. మళ్ళీ అచ్చులు చేయించాలంటే ఖర్చు. అందుకే అవి మారవు.

స్పేర్ పార్టుల వ్యాపారం కూడా ఇదే దారిలో నడిచింది. చేతి గడియారాల కాలంలో పార్టుల కేటలాగులు మిషనును గుర్తుపట్టించింది డయలు కింద దాగిన ఈ స్ప్రింగు పట్టీ ఆకారంతోనే. దానితో పాటు మిషను వ్యాసం. దీన్ని లీన్యెలలో చెబుతారు. ఒక లీన్యె 2.2558 మిల్లీమీటర్లు. బల్ల మీది మిషను 42.9 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి 19 లీన్యెలు. ఫ్యాక్టరీ గుర్తు ఉంటే సాధారణంగా డయలు కిందనో, బ్యాలెన్సు కిందనో ఉంటుంది. ఫాంటెన్‌మెలాన్ ఫ్యాక్టరీ ఎఫ్‌హెచ్‌ఎఫ్ అనీ, గ్రెంచెన్‌లోని ఎ. షిల్డ్ ఎఎస్ అనీ కొట్టింది అక్కడే. ఇందులో అలాంటి గుర్తు లేదు. పోల్చిన బొమ్మల్లో ఒకదానికి కాలమ్ వీల్ చోటు, సుత్తి, జతచేసే లివర్, డయలు కాళ్ళు నాలుగూ సరిపోయాయి. స్ప్రింగు పట్టీ సరిపోలేదు.

అధ్యాపకుడు: ఐదింటిలో నాలుగు సరిపోయాయి. శాసనంలో ఇంత మాత్రం అక్షరాలు దొరికితే మేం రాజు పేరు పూరించేస్తాం.

మేస్త్రి: మీరు పూరించుకోండి సార్. నేను పార్టు తెప్పించి బిగించాల. సరిపోని ఆ ఒక్క పట్టీనే నాకు విరుగుతాది.

పేరు కావాలన్న అధ్యాపకుడి పట్టుదల వెనక ఒక నమ్మకం ఉంది: గడియారమన్నాక చేసినవాడు ఒకడుంటాడని. జ్యూరా ఊళ్ళలో పని సాగిన తీరు అది కాదు. లా షో-ద-ఫాన్, లె లాకల్ ఊళ్ళ వర్తకుడు ఒక ఫ్యాక్టరీ నుంచి ముడి మిషను కొనేవాడు. దాన్ని ఎబోష్ అంటారు. డయలు ఎనామెల్ పనివాడిది, ముళ్ళు ఒకరివి, స్ప్రింగు మరొకరిది, కేసు ఇంకొకరిది. ఇళ్ళలో కూర్చున్న పనివాళ్ళు కూర్చి, సానబెట్టి, సరిచేసి తెచ్చిస్తే వర్తకుడు తన పేరో, కొనే దుకాణం పేరో వేసి అమ్మేవాడు. క్రోనోగ్రాఫ్ విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. మామూలు మిషను ఒక చోట పుడితే, దాని మీద క్రోనోగ్రాఫ్ వరుసను అమర్చే పని వాలె ద జూ లోయ నిపుణుల చేతికి వెళ్ళేది. ఒకే గడియారంలో రెండు అంతస్తులు, రెండు చేతులు. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో కార్ల్ మార్క్స్ పని విభజనకు ఉదాహరణగా గడియారం పనివాళ్ళ వృత్తులను వరసగా చెప్పుకుంటూ పోయింది ఈ పద్ధతిని చూసే.

అధ్యాపకుడు: అన్నీ అట్లా కాదు కదా. లాంజీన్స్‌ను చూడండి. 1867లో సెంటిమియేలో ఫ్యాక్టరీ కట్టి పనులన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు వెళ్ళొచ్చిన వాళ్ళ ఇంజనీరు జాక్ డేవిడ్, అమెరికా ఫ్యాక్టరీలు యంత్రాలతో ముందుకు పోతున్నాయని హెచ్చరిక నివేదికే రాశాడు. 1878కే వాళ్ళకు సొంత క్రోనోగ్రాఫ్ మిషను ఉంది, 20హెచ్ అని. అక్కడ చేసినవాడెవరంటే జవాబు ఒక్కటే.

మేస్త్రి: అట్లాంటిదైతే నాకూ సుఖమే సామీ. మిషను మీద నంబరుంటాది, వాళ్ళ పుస్తకాల్లో ఆ నంబరుంటాది. రాసి అడిగితే ఏ సంవత్సరం ఎవరికి పంపినారో చెబుతారు. దీని నంబరు కేసు మీద ఉండాది, మిషను మీద లేదు. ఏ పుస్తకంలో వెతకమంటారు?

ఇది మేస్త్రి వాదంలోని బలమైన చోటు. క్రమసంఖ్య దానంతటది దేన్నీ చెప్పదు. ఫ్యాక్టరీ ఏదో ముందు తేలితేనే సంఖ్య సంవత్సరంగా మారుతుంది. ఫ్యాక్టరీ తెలియకుండా ఎవరి సంఖ్యల పట్టికతోనో పోల్చి తేదీ చెప్పడం, ఒక ఊరి ఇంటి నంబరు పట్టుకొని మరో ఊళ్ళో ఇల్లు వెతకడం లాంటిది. పేర్ల నిఘంటువులు ఉన్నాయి. కాథ్లీన్ ప్రిచర్డ్ కూర్చిన, 1775 నుంచి 1975 వరకు స్విస్ తయారీదారుల గ్రంథం వాటిలో పెద్దది. అయితే అలాంటి పుస్తకం పేరు నుంచి మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. లివర్ నుంచి పేరు దగ్గరికి తీసుకెళ్ళదు.

అధ్యాపకుడు: పేరు లేకపోతే ఇది అనాథ వస్తువు అయిపోతుంది పెద్దాయనా. రేపు నా పిల్లలు దీన్ని ఏమని చెప్పుకుంటారు? అదీకాక, మిషను ఎవరిదైనా, కూర్పించి, సరిచూసి, ఇది నడుస్తుందని పూచీ పడ్డవాడే నా దృష్టిలో తయారీదారు. ఎబోష్ అమ్మినవాడు ఇటుకలు అమ్మినవాడి లాంటివాడు. ఇల్లు కట్టింది అతడు కాదు.

మేస్త్రి: పూచీ పడినాయన పేరు వేసుకోకుండా పోయినాడు కదా సార్. ఇటుకైతే ఇంకా చేతిలో ఉండాది. దాన్ని చూసి చెప్పగలిగింది చెబుతాను. లేని పేరు పెడితే, రేపు మీ పిల్లలు దాన్నే నిజమనుకొని ఇంకొకరికి చెబుతారు.

వాదం ఇక్కడ తేలలేదు, కానీ చీటీ రాయడానికి ఒక పద్ధతి కుదిరింది. తయారీదారు అన్న ఒక్క గడికి బదులు మూడు గడులు: మిషను, కూర్పు, అమ్మకం. మేస్త్రి మూత లోపల సూదితో గీయలేదు, కాగితం మీదే రాశాడు. కేసు: వెండి 875, స్విస్ ఎలుగుబంటి, మూత పేటెంటు 1888 తర్వాతిది, నొక్కులు ఒకటే జత. మిషను: 19 లీన్యెలు, ఏడు స్తంభాల కాలమ్ వీల్, బ్రెగే హెయిర్‌స్ప్రింగు, గంటకు 18,000, ‘ఎ’–‘ఆర్’ పట్టీ, డయలు కింద గుర్తు లేదు. కూర్పు, అమ్మకం ఎదుట ఏమీ రాయలేదు. అధ్యాపకుడు మిషను గడి చివర, నాలుగు భాగాలు సరిపోయిన ఆ ఫ్యాక్టరీ పేరు పెన్సిలుతో రాయవచ్చా అని అడిగాడు. స్ప్రింగు పట్టీ సరిపోలేదన్న మాట కూడా పక్కనే రాస్తే రాసుకోవచ్చన్నాడు మేస్త్రి. రెండూ రాసిన చీటీని నాలుగు మడతలు పెట్టి లోమూతకూ వెనక మూతకూ మధ్య ఉంచి మూత మూశారు.